పదిహేడో నంబరు బిళ్ళ

బుధవారం పొద్దున గులాం అలీ వేసుకున్న ప్రోగ్రాం చాలా చిన్నది. ఏడున్నరకు చాయ్ తాగాలి. ఎనిమిదింటికి భార్య కుబ్రా బేగాన్ని మెల్లగా నడిపించుకుంటూ కాలనీ దవాఖానకు తీసుకుపోయి షుగర్ పరీక్ష చేయించాలి. పదకొండింటికి వచ్చే ఆఫీసరుకు సలాం కొట్టాలి. ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి ఖట్టీ దాల్ పోసుకుని అన్నం తినాలి. ఇందులో చాయ్ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

కుబ్రా బేగం మంచం దిగనంది. ఆరు నెలలుగా ఆమెది ఇదే వరస. మోకాళ్ళు మొరాయిస్తున్నాయంది, మూడు గల్లీలు నడిచే ఓపిక లేదంది, ఎలాగూ ఆ దవాఖానను ఎత్తేస్తున్నారట కదా, పోయేదానికి అలవాటుపడటం దేనికంది. గులాం అలీ బతిమాలాడు, కసిరాడు, చివరికి అలిగాడు. ఆమె అక్కకు ఇలాగే షుగర్ ముదిరి కాలు తీసేశారు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది గనుకనే ఇద్దరూ ఆ మాట ఎత్తరు. నీ ఇష్టం అని చెప్పులేసుకుని బయటపడ్డాడు గానీ, గల్లీ మలుపు దాకా వెనక్కి చూసుకుంటూనే నడిచాడు.

గోదావరిఖనిలో గుట్టకింది కాలనీ దవాఖాన అంటే మూడు గదులు, ఒక వరండా. ఖర్చు తగ్గించుకోవాలని పైనుంచి మొదటి కాగితం వచ్చినప్పుడు వాచ్‌మన్ పోయాడు. రెండో కాగితానికి ఊడ్చే మనిషి పోయింది. మూడోదానికి మందులిచ్చే ఆయన్ని వేరే ఊరికి పంపారు. ఆయన స్టోరు గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని మరీ వెళ్ళిపోయాడు. మారు తాళంచెవి చేయిస్తామని రాస్తే, కొత్త ఖర్చులు పెట్టరాదని జవాబొచ్చింది. డాక్టరు వారానికి రెండు రోజులకు దిగాడు. మిగిలింది నర్సు సంధ్యారాణి ఒక్కతే. సూది వేసేదీ ఆమే, మందులిచ్చేదీ ఆమే, చీపురు పట్టేదీ ఆమే.

నాలుగో కాగితంతో అసలు కాగితమే ఆగిపోయింది. ఓపీ చీటీలు, రిజిస్టర్లు పంపడం బంద్. సంధ్యారాణి కొన్నాళ్ళు పాత క్యాలెండర్ల వెనక పేర్లు రాసింది. అవి కూడా అయిపోయాక, మనుషులు వచ్చి పోతున్నా వచ్చినట్టు రాసే చోటు లేకపోయింది. రాయకపోయేసరికి పై ఆఫీసులో ఈ దవాఖానకు వచ్చే రోగుల సంఖ్య నెలనెలా సున్నా అయింది. ఒక్క రోగీ రాని దవాఖాన ఎందుకు, ఆరు కిలోమీటర్ల అవతలి పెద్ద దవాఖానలో కలిపేద్దామని ఫైలు నడిచింది. దాన్ని తేల్చడానికే ఇవాళ ఆఫీసరు వస్తున్నాడు. ఆరు కిలోమీటర్లంటే రెండు ఆటోలు మారాలి. మూడు గల్లీలకే కదలని కుబ్రా రెండు ఆటోలు ఎక్కి దిగుతుందా? గులాం అలీ ఫికరంతా అదే.

గులాం అలీ ముప్ఫై ఒక్క ఏళ్ళు బొగ్గుబాయి మీద, దిగేవాళ్ళకు దీపాలిచ్చే ల్యాంప్ రూమ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. బాయి దిగే ప్రతి మనిషికీ అక్కడ ఒక నంబరు, ఆ నంబరుతో రెండు ఇత్తడి బిళ్ళలు. ఒకటి బోర్డు మేకుకు వేలాడుతుంది, రెండోది మనిషి జేబులో ఉంటుంది. పైకొచ్చి జేబులోది అప్పజెప్పితేనే మేకు మీది దిగుతుంది. మేకు మీద బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఒకసారి షిఫ్టు అయిపోయాక ఒక బిళ్ళ మిగిలింది. వాడు ఎప్పుడో ఇల్లు చేరి ఉంటాడని అందరూ అన్నా వినకుండా గులాం అలీ లొల్లి పెట్టి, బాయిలోకి మళ్ళీ మనుషుల్ని దింపించాడు. కూలిన బాయి కప్పు కింద కాలు విరిగి చిక్కుకున్న ఆగయ్య ఆ విధంగా దొరికాడు. ఆఖరికి ఆ బాయిని శాశ్వతంగా మూసేసిన రోజు కూడా, ఒక బిళ్ళ తక్కువ వచ్చిందని మేనేజరునే గంటసేపు గేటు దగ్గర నిలబెట్టాడు. లోపల మనిషి ఉండగా తలుపు మూయకూడదు. ఆయనకు తెలిసిన చట్టం అదొక్కటే.

తుక్కులో పోవాల్సిన ఆ బిళ్ళల్ని అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. దవాఖానలో చీటీలు లేవని తెలిశాక వాటిని మళ్ళీ డ్యూటీకి ఎక్కించాడు. వచ్చినవాళ్ళకు ఒక బిళ్ళ, దాని జత బోర్డుకు. మందులు తీసుకుని పోయేటప్పుడు బిళ్ళ ఇచ్చి పోవాలి. వరండా బెంచీల మీద రోజూ పేపరు చదువుతూ కూర్చునే ఎనిమిది మంది రిటైర్డు కార్మికులకు ఈ పద్ధతి కొత్త కాదు గనుక, దవాఖాన నాలుగు రోజుల్లో దారిన పడింది.

ఇంకో సంగతి ఇప్పుడే చెప్పాలి, లేకపోతే తర్వాత మీరు నన్ను తిడతారు. ల్యాంప్ రూమ్ కిటికీ జానెడు ఉంటుంది. అందులోంచి కనిపించేవి చేతులే. వంగి మొహాలు చూసినా, బొగ్గు మసిలో అందరిదీ ఒకటే మొహం. అందుకని గులాం అలీ మనుషుల్ని చేతులతో గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. దవాఖానలో కూడా అలాంటి కిటికీ వెనకే కూర్చున్నాడు. తలెత్తి మొహం చూసే అలవాటు ఆయనకు ఎప్పుడో పోయింది.

ఆ రోజు తొమ్మిదిన్నరకు కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చింది. మెత్తటి చెయ్యి. చల్లగా చెమట పట్టి, సన్నగా వణుకుతోంది. నేను ఫలానా అని ఒక గొంతు ఏదో చెప్పబోయింది. "ముందుగాల బిళ్ళ పట్టుకో. మాటలన్ని సిస్టర్‌తోని" అని గులాం అలీ పదిహేడో నంబరు బిళ్ళను ఆ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి పంపించాడు. అంతలో ఎవరిదో ఫోన్ మోగింది. వెనకనుంచి పద్దెనిమిదో చెయ్యి ముందుకొచ్చింది.

పదింబావుకల్లా జనం పలచబడ్డారు. పదిన్నరకు బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలింది. సంధ్యారాణి చీపురు పట్టుకుని వచ్చి బోర్డు వైపు చూసింది.

"చాచా, ఆఫీసర్ వచ్చే టైమైంది. ఆ బిళ్ళ తీసెయ్. ఎవలో మర్చిపోయి జేబుల ఏస్కపోయిన్రు."

"పదిహేడుకు మందులిచ్చినవా బిడ్డా?"

ఆమె వేళ్ళ మీద లెక్కేసింది. "పదహారుకు ఇచ్చిన. దాని తర్వాత పద్దెనిమిదొచ్చింది. పదిహేడు నా దగ్గరికే రాలే."

"నా చేతుల నుంచి లోపలికి పోయింది. మంచిగలేని మనిషి చెయ్యి అది, ఒణుకుతుండె. మందు తీసుకోలే, బయటికి రాలే. మరి యాడున్నట్టు?"

సంధ్యారాణి నర్సు గదిలో బల్ల కింద కూడా చూసొచ్చింది. బాత్రూం తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల బకెట్ తప్ప ఏమీ లేదు. ఇక మిగిలింది స్టోరు గది. దానికి తాళం వేలాడుతోంది. తాళం వేసిన గదిలోకి రోగి ఎలా పోతాడని ఆమె అడిగింది. మామూలు మనుషులకు ఆ ప్రశ్నతో సంగతి తేలిపోయేది. కానీ అప్పటికే బెంచీ మీదినుంచి ఆగయ్య కుంటుకుంటూ లేచాడు. బాయికి ఎప్పుడూ రెండు దారులుంటాయని, ముందు దారి మూసి ఉంటే వెనక దారి చూడాలని చెప్పి, చేతికర్ర పట్టుకుని గోడ చుట్టూ తిరిగి వెళ్ళాడు. స్టోరుకు వెనకవైపు నిజంగానే ఇంకో తలుపుంది. తోస్తే రాలేదు.

"గడియ లోపల్నుంచి పెట్టున్నది" అన్నాడు ఆగయ్య. "లోపల మనిషి లేకుంట గడియ ఎవలు పెడ్తరు?"

దానికి జవాబుంది. పధ్నాలుగు నెలల కింద మందులాయన వెనక తలుపుకు లోపల గడియ పెట్టి, ముందు తలుపునుంచి బయటికొచ్చి తాళం వేశాడు. ఆ జవాబు తెలిసిన సంధ్యారాణి అప్పుడు ఆఫీసరు కోసం వరండా ఊడుస్తోంది. ఆగయ్య మాత్రం తను చీకట్లో పడున్న రోజు గుర్తొచ్చి, చేతికర్రతో తలుపు మీద మూడుసార్లు కొట్టాడు. లోపల ఏదో టక్కుమంది.

"సోయిలనే ఉన్నడు" అన్నాడు. "గట్టిగ కొట్టేంత శక్తి లేదు, అంతే."

బెంచీ మీది వాళ్ళందరూ ఒక్కసారిగా పాతికేళ్ళు చిన్నవాళ్ళయ్యారు. ఎవరూ చెప్పకుండానే పని పంచుకున్నారు. ఇద్దరు గడ్డపారలకు, ఒకరు నీళ్ళకు, ఒకరు ఫోన్‌కు. ఆంబులెన్సు ఒక్కటే మిగిలిందట, అది వేరే దిక్కు పోయిందట, గంట పడుతుందట. ఫైరింజన్ మాత్రం వెంటనే వచ్చింది గానీ గల్లీ మూలమలుపులో ఇరుక్కుని ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. రోడ్డు ఆగిపోయేసరికి ఆగినవాళ్ళంతా బండ్లు దిగి ఏమైందని అడిగారు. పదిహేడో నంబరు మనిషి లోపల ఇరుక్కున్నాడని బెంచీ దగ్గర బయలుదేరిన మాట, కూరగాయల బండి దగ్గరికి వచ్చేసరికి పదిహేడు మంది ఇరుక్కున్నారయింది. బస్టాండు చేరేసరికి దవాఖాన కప్పు కూలింది. కప్పు కూలిందన్న మాట వింటే ఈ ఊళ్ళో ఎవరూ ఇంట్లో కూర్చోరు. పొయ్యి మీద ఏమున్నా వదిలేసి పరుగెత్తుతారు. అరగంటలో దవాఖాన ముందు మూడు వందల మంది పోగయ్యారు.

వాళ్ళలో అందరికంటే ముందు వచ్చింది కుబ్రా బేగం. కాళ్ళకు చెప్పుల్లేవు, నెత్తిమీది కొంగు ఎక్కడో జారిపోయింది. ఆ మోకాళ్ళతోనే మూడు గల్లీలు పరుగెత్తింది. కిటికీ వెనక గులాం అలీ నిక్షేపంగా కనిపించేసరికి ముందు ఏడ్చింది, తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. ఆయనకు ఆ తిట్లు చెవికెక్కలేదు. బాయి మీద ప్రమాదం జరిగిన రోజుల్లో ఆమె ఇలాగే గేటు దాకా పరుగెత్తేదని ఇరుగుపొరుగు చెప్పగా విన్నాడు. కళ్ళారా ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే అలాంటప్పుడు ఆయన లోపల బిళ్ళలు చూసుకుంటూ ఉండేవాడు. ఇవాళ చూశాడు. స్టూలు జరిపి కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చాడు.

సరిగ్గా అప్పుడే జనాన్ని తోసుకుంటూ చేతిసంచీ పట్టుకుని ఒకాయన వచ్చాడు. పేరు సదయ్య. దవాఖాన ఉండాలా పోవాలా తేల్చే ఆఫీసరు ఆయనే. ఆఫీసు జీపుకు డీజిలు కోత పడినందున బస్సులో నిలబడి, ఆ తర్వాత ఎనిమిది మంది ఎక్కిన ఆటోలో వేలాడి వచ్చాడు. నిజానికి తొమ్మిదిన్నరకే వచ్చాడు. వరండాలో కాలు పెట్టాడో లేదో ఎవరో చేతిలో ఏదో పెట్టారు, ఆ క్షణానే పైవాళ్ళ ఫోన్ వచ్చింది. సిగ్నల్ కోసం గల్లీ చివరి హోటల్ దాకా పోయి, ఖర్చులు ఇంకా ఎక్కడ తగ్గించవచ్చో మాట్లాడే మీటింగును గంటన్నర ఫోన్‌లోనే విని, ఇప్పుడే లేచి వచ్చాడు. అవును, మీరనుకున్నదే. కానీ ఆ సంగతి మీకూ నాకూ తప్ప అప్పటికి ఆయనకు కూడా తెలియదు.

సదయ్య చెడ్డవాడేమీ కాదు. సంగతి వినగానే మొహం మారిపోయింది. లోపలున్న మనిషి ఇంటివాళ్ళకు కబురు చేశారా అని అడిగాడు. ఇంటివాళ్ళెవరో తెలియదని ఆగయ్య చెప్పాడు.

"ఇంతసేపైనా ఒక్కరు గుడ ఎతుక్కుంట రాలేదా?" అన్నాడు సదయ్య. "పాపం, అడిగే దిక్కులేనోడు గావచ్చు."

సర్కారు తలుపు పగలగొట్టాలంటే రాతపూర్వకంగా అనుమతి ఉండాలని ఎవరో గుర్తుచేశారు. రాయడానికి దవాఖానలో కాగితం లేదు. సదయ్య జేబులోంచి బస్సు టికెట్టు తీసి, దాని వెనక సన్నటి అక్షరాలతో అనుమతి రాసి సంతకం పెట్టాడు. ప్రాణం కంటే తలుపు ఎక్కువ కాదని, ఏదైనా జరిగితే బాధ్యత తనదని మూడు వందల మంది వినేటట్టు చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆగయ్య గడ్డపార ఎత్తాడు. నాలుగో దెబ్బకు తలుపు లోపలికి కూలింది.

లోపల, పైన పగిలిన వెంటిలేటరులోంచి దూరిన ఒక పిల్లి, దాని మూడు కూనలు ఉన్నాయి. వాటి చుట్టూ గోడ పొడవునా అట్టపెట్టెలు. ఆగయ్య ఒకటి విప్పాడు. ఓపీ చీటీల కట్టలు. ఇంకోటి విప్పాడు. రిజిస్టర్లు, రెండేళ్ళకు సరిపోయేటన్ని. ఇంకోదాంట్లో డబ్బా విప్పని బీపీ మిషను. పాత మిషను చెడిపోయి ఏడాదైంది, కొత్తది కావాలని సంధ్యారాణి రాసిన అర్జీలు పదో పన్నెండో ఉంటాయి. ఇన్నాళ్ళూ ఏదైతే లేదని దవాఖానను మూయబోతున్నారో, అదంతా గోడకు అవతలే ఉంది. మనిషి మాత్రం లేడు.

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎక్కడో ఒకరు కిసుక్కున నవ్వారు, ఆ తర్వాత అందరూ నవ్వారు. బస్సు టికెట్టు మీద ప్రాణం విలువ రాసిన సదయ్యకు ఆ నవ్వు తన మీదేననిపించింది. మొహం ఎర్రబడింది. ఈ లొల్లి మొదలుపెట్టింది ఎవరని అరిచాడు. సంధ్యారాణి ముందుకొచ్చింది. వచ్చే నెల ఆమె కాంట్రాక్టు మళ్ళీ రాయాల్సింది ఈ ఆఫీసే. ఆమె నోరు తెరిచేలోగా కిటికీ వెనకనుంచి గులాం అలీ పలికాడు.

"నేనే సార్. సిస్టర్‌కు ఏం తెల్వది. ఆమె బిళ్ళ తీసెయ్యమన్నది, నేనే తియ్యలే."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన బోర్డు ఒక్కసారీ తప్పలేదు. ఇవాళ తప్పింది, అదీ దవాఖాన బతుకు తేలే రోజున. కుబ్రా పక్కనే ఉందన్న సిగ్గు ఒకవైపు, ఇక ఆమె రెండు ఆటోలు మారాల్సిందేనన్న దిగులు ఒకవైపు. తల వంచుకుని కూర్చున్నాడు.

సదయ్య దొరికిన రిజిస్టరులోంచే ఒక కాగితం చింపి, గులాం అలీ అనే వ్యక్తి అనవసరంగా జనాన్ని భయపెట్టాడని నాలుగు ముక్కలు రాశాడు. సంతకం పెట్టమని ఆ కాగితాన్ని కిటికీలోంచి లోపలికి చాపాడు. గులాం అలీ కాగితం అందుకోలేదు. దాన్ని పట్టుకున్న చేతినే చూస్తూ ఉండిపోయాడు. మెత్తటి చెయ్యి. చల్లటి చెమట. సన్నటి వణుకు. రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు.

"సార్, ఒక్కసారి మీ జేబు చూస్కోండ్రి."

సదయ్య విసుక్కుంటూ చొక్కా జేబు తడిమాడు, తర్వాత ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాడు. చిల్లరతో పాటు ఇత్తడి బిళ్ళ బయటికొచ్చింది. పదిహేడు. బయటున్న జనం ఈసారి నవ్వలేదు, నోళ్ళు తెరిచారు.

"మొహాలు మర్చిపోత గని చేతులు మర్చిపోను సార్" అన్నాడు గులాం అలీ. "మీరు పొద్దటి నుంచి మంచిగలేరు. గందుకే నాకు గంత ఫికరైంది."

నేనా, నాకేమైంది అని సదయ్య నవ్వబోయాడు. నవ్వు సగంలో ఉండగానే కాళ్ళు తేలిపోయాయి. ఆగయ్య వెనకనుంచి పట్టుకోకపోతే వరండాలోనే కూలబడేవాడు. బెంచీ మీద పడుకోబెట్టారు. సంధ్యారాణి కొత్త బీపీ మిషను డబ్బా పళ్ళతో చింపి పట్టీ కట్టింది. రెండు వందలు దాటింది. వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పిన మాత్ర ఇచ్చింది. ఇంకో గంట ఇలాగే తిరిగుంటే ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరు ఫోన్‌లో అన్న మాట పక్కనున్న అందరికీ వినిపించింది. బెంచీ మీది ఎనిమిది మందీ తమ చోటు ఆయనకిచ్చి, చుట్టూ నిలబడి పేపరుతో విసిరారు.

కాస్త తేరుకున్నాక సదయ్య పడుకునే చెప్పుకొచ్చాడు. ఆఫీసులో ముగ్గురుండాల్సిన చోట తనొక్కడే మిగిలాడట. పరీక్ష చేయించుకుందామంటే ఆరు నెలలుగా సెలవు దొరకలేదట. ఈ నెలలో తను మూయాల్సిన దవాఖానల్లో ఇది నాలుగోదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఎవరి కళ్ళలోకీ చూడలేదు. కుబ్రా బేగం స్టూలు దగ్గరికి జరుపుకుంది. ఒంటి సంగతి ఇంత నిర్లక్ష్యం చేస్తే ఎలా బేటా, మందులు రోజూ వేసుకోవాలి, పరీక్ష నెలనెలా చేయించుకోవాలి, మొండికేస్తే ఇంట్లోవాళ్ళు ఏమైపోవాలి అని గట్టిగా మందలించింది. గులాం అలీ ఆమె వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు అర్థమై, ఆమె షుగర్ పరీక్షకు సంధ్యారాణి ముందు వేలు చాపింది.

మూడింటికి సదయ్య లేచి కూర్చున్నాడు. సంచీలోంచి ఫైలు తీశాడు. రోజుకు వచ్చే రోగులు సున్నా అని రాసి ఉన్నచోట చాలాసేపు చూశాడు. తర్వాత కిటికీ దగ్గరికొచ్చి, బిళ్ళ ఇచ్చేయబోయి ఆగాడు.

"అలీ భాయ్, ఇది ఇయ్యకపోతే ఏమైతది?"

"ఇయ్యకపోతే మనిషి లోపలున్నట్టే సార్. లోపల మనిషుండంగ మూసుడు కుదరది. బాయి మూసిననాడు మా మేనేజర్‌నే నిలవెట్టిన."

సదయ్య బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు. మళ్ళీ జేబులో వేసుకున్నాడు. ఈసారి చొక్కా జేబులో వేసి, గుండీ కూడా పెట్టుకున్నాడు. గులాం అలీ పిలవబోతే, ఆగయ్య ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. మందుల చీటీ మడిచి సంచీలో పెట్టుకుని సదయ్య బస్సు దిక్కు నడిచాడు.

కుబ్రా బేగం ఇప్పుడు ప్రతి బుధవారం మూడు గల్లీలూ నడిచి వస్తోంది. దారి పొడవునా సణుగుతుంది, అయినా వస్తుంది. రిజిస్టర్లు వచ్చాయి గనుక పేర్లు రాస్తున్నారు, పేర్లతో పాటు బిళ్ళలూ ఇస్తున్నారు. బోర్డు మీద పదిహేడో మేకు మాత్రం ఖాళీ కాలేదు. ఇరవై రోజులకు పై ఆఫీసునుంచి, పాత ఓపీ చీటీ వెనక అచ్చువేసిన ఆర్డరు ఒకటి వచ్చింది. సంధ్యారాణి దాన్ని వరండాలో నిలబడి అందరికీ చదివి వినిపించింది.

"రోగి ఒకరు ఇంకా లోపలే ఉన్నట్లు తనిఖీలో తేలినందున గుట్టకింది కాలనీ దవాఖాన మూసివేత తదుపరి ఉత్తర్వుల వరకు వాయిదా వేయడమైనది, పగిలిన తలుపు మరమ్మతుకు నిధులు లేవు."